ఇంజిన్ ఆగింది... ఎందుకు ఆగింది?

*తేలికపాటి హెలికాప్టర్ కూలిన ప్రతిసారీ తొలి వార్తలో కనిపించేది ‘సాంకేతిక లోపం’. చాలాసార్లు చివరి వార్తలోనూ అదే. ఈ రెండు వార్తల మధ్య జరగాల్సిన దర్యాప్తు గురించే ఈ కథనం.*

2024 జులై 18. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు పొంగిపొర్లుతోంది. పొద్దున పొలం పనులకు వెళ్లిన కూలీలు నారాయణపురం వద్ద నీళ్ల మధ్య చిక్కుకుపోయారు. చుట్టూ ఎర్రటి వరద. పడవ వేసే వీల్లేని ఉరవడి. చివరికి హెలికాప్టర్ వచ్చి వాళ్లను పైకి చేదుకుని ఒడ్డుకు చేర్చింది. ఆ రాత్రికే ప్రాజెక్టు కట్ట తెగి, దిగువన వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్లను ముంచెత్తింది. హెలికాప్టర్ రాకుంటే ఏమయ్యేదో ఈ ప్రాంతంలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఆరు వారాలకే, సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు మీద ప్రకాశ్‌నగర్ వంతెనపై తొమ్మిది మంది చిక్కుకున్నారు. వాతావరణం బాగోలేక హెలికాప్టర్ ఎగరలేకపోయింది. తెగించి జేసీబీ నడుపుకుంటూ వెళ్లిన ఒక డ్రైవర్ వాళ్లను బయటికి తెచ్చాడు. ఒకచోట వచ్చింది, ఒకచోట రాలేదు. రెండుచోట్లా జనం ఆకాశం వైపే చూశారు.

ఒక పక్క కనకగిరి గుట్టలు, మరో పక్క గోదావరి దాకా అల్లుకుపోయిన అడవి ఉన్న చండ్రుగొండ లాంటి మండలాల్లో హెలికాప్టర్ ఇప్పుడు వింత కాదు. వరదలొస్తే వస్తుంది. నాయకుల పర్యటన ఉంటే వస్తుంది. ఎన్నికల్లో రోజుకు రెండు మూడు సభలకు తిరుగుతుంది. మేడారం జాతరకు హనుమకొండ నుంచి డబ్బు కట్టి ఎక్కే భక్తులూ ఉన్నారు. వాడకం ఇంతగా పెరిగిన కాలంలోనే 2025 మే, జూన్ నెలల్లో ఉత్తరాఖండ్ యాత్రామార్గంలో ఆరు వారాల వ్యవధిలో ఐదు హెలికాప్టర్ ఘటనలు జరిగాయి. మే 8న గంగోత్రి దారిలో బెల్ 407 కూలి ఆరుగురు చనిపోయారు. వారిలో ఆంధ్రప్రదేశ్ మహిళ ఒకరు. జూన్ 15న గౌరీకుండ్ దగ్గర మరో బెల్ 407 కూలి ఏడుగురు పోయారు. మధ్యలో జూన్ 7న గుప్తకాశీ సమీపంలో ఒక హెలికాప్టర్ ఏకంగా రోడ్డు మీద దిగింది. దాని తోక విరిగి పక్కనున్న కారు మీద పడిన దృశ్యం ఫోన్లలో తెగ తిరిగింది. అందులోని యాత్రికులు ప్రాణాలతో బయటపడ్డారు.

ఇలాంటి ప్రతి ఘటన తర్వాతా ఇంజిన్ ఆగిపోయిందట, పైలట్ తప్పు చేశాడట అన్న రెండు మాటలు ముందుగా బయల్దేరతాయి. రెండూ జవాబుల్లాగే వినిపిస్తాయి గానీ, నిజానికి అసలు ప్రశ్న వాటి తర్వాతే మొదలవుతుంది. ఇంజిన్ ఎందుకు ఆగింది? పైలట్ ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నాడు? ఆ ‘ఎందుకు’ దొరకాలంటే సాక్ష్యం మిగలాలి. పెద్ద విమానంలో ఆ సాక్ష్యాన్ని దాచిపెట్టడానికి రికార్డర్లు ఉంటాయి. తేలికపాటి హెలికాప్టర్లో చాలాసార్లు ఉండవు, ఎందుకంటే బరువు తక్కువ కాబట్టి నిబంధన అడగదు. యంత్రం బరువును బట్టి సాక్ష్యం బరువును నిర్ణయించే ఈ పద్ధతి మారాలి. ఈ కథనం వాదించేది ఆ సంగతే.

చేతిలో ఉండేది సెకన్లే

ఇంజిన్ శక్తి పోగానే హెలికాప్టర్ రాయిలా పడిపోతుందన్నది అపోహ. సైకిల్ తొక్కడం ఆపినా వెనక చక్రం తిరుగుతూనే ఉంటుంది కదా, అలాంటి ఏర్పాటే హెలికాప్టర్లోనూ ఉంది. ఇంజిన్ ఆగిన వెంటనే ఒక క్లచ్ దాన్ని రోటర్ నుంచి విడదీస్తుంది. పైలట్ ఎడమ చేతి దగ్గరుండే ‘కలెక్టివ్’ అనే లివర్‌ను తక్షణం కిందికి దించితే రెక్కల వాలు తగ్గుతుంది. కిందికి దిగుతున్న కొద్దీ అడుగు నుంచి పైకి దూసుకొచ్చే గాలి రెక్కలను తిప్పుతూ ఉంటుంది. నేల దగ్గరపడగానే ముక్కు పైకెత్తి వేగం తగ్గించి, ఆఖరి క్షణంలో అదే లివర్‌ను పైకి లాగితే, రెక్కల్లో మిగిలిన ఊపు యంత్రాన్ని మెల్లగా నేల మీద పెడుతుంది. దీన్నే ఆటోరొటేషన్ అంటారు. హెలికాప్టర్ పైలట్ శిక్షణలో ఇది తప్పనిసరి పాఠం.

చెప్పుకోవడానికి తేలికే, చేయడానికి వ్యవధి ఉండదు. రాబిన్సన్ ఆర్22 లాంటి చిన్న యంత్రాల్లో రెక్కలు తేలికగా ఉంటాయి కాబట్టి ఊపు త్వరగా తగ్గిపోతుంది. ఒకటి రెండు సెకన్లలో లివర్ దించకపోతే తిరుగుడు మళ్లీ కోలుకోలేనంత పడిపోతుంది. లివర్ సకాలంలో దించినా, 500 అడుగుల ఎత్తు నుంచి నేలకు చేరడానికి సుమారు 20 సెకన్లు మాత్రమే. ఆ 20 సెకన్లలో దిగే చోటు చూసుకోవాలి, గాలి ఎటుందో గమనించాలి, రేడియోలో చెప్పాలి, లోపలున్నవాళ్లను హెచ్చరించాలి. ఎత్తూ వేగమూ రెండూ తక్కువగా ఉన్నప్పుడు, అంటే అప్పుడే పైకి లేస్తున్నప్పుడో వరదలో మనుషుల్ని చేదుకుంటూ గాలిలో నిలిచినప్పుడో ఇంజిన్ ఆగితే, ఎంతటి నేర్పరికైనా చేయగలిగింది చాలా తక్కువ. కింద ఉన్నది పత్తి చేనో మిరప తోటో అయితే బతికే అవకాశం ఉంది, అక్కడా కరెంటు తీగలు లేకుంటేనే. కనకగిరి గుట్టల టేకు, మద్ది చెట్ల మీద అయితే ఆ కాస్త అవకాశమూ సన్నగిల్లుతుంది.

గంగోత్రి దారి ప్రమాదంలో విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ ఏఏఐబీ ఇచ్చిన ప్రాథమిక నివేదిక ఇక్కడ గుర్తుచేసుకోవాలి. హెలికాప్టర్ జాతీయ రహదారి మీద దిగబోయిందని, దాని రెక్క రోడ్డుకు సమాంతరంగా పైన ఉన్న ఫైబర్ కేబుల్‌కు తగిలిందని, ఆ తర్వాత లోయలోకి దొర్లిందని అందులో ఉంది. జరిగిన వరస తెలిసింది. యాత్రికులను తీసుకెళ్తున్న పైలట్ కొండదారి మీద దిగాలని ఎందుకు అనుకున్నాడన్నది దర్యాప్తులో గుండెకాయ లాంటి ప్రశ్న. యంత్రం సహకరించక దిగాడా, మేఘం కమ్మి దిగాడా అన్నది తేలకుండా తర్వాతి ప్రమాదాన్ని ఆపే మార్గం తేలదు. మొదటిదైతే సరిచేయాల్సింది వర్క్‌షాపును, రెండోదైతే ఎగరడానికి ఇచ్చే అనుమతుల పద్ధతిని.

▣ ఎండలోనూ మంచు
*పిస్టన్ ఇంజిన్ ఉన్న చిన్న హెలికాప్టర్లలో ఇంధనం కార్బ్యురేటర్‌లో ఆవిరవుతూ లోపలి గాలిని చల్లబరుస్తుంది. ఆ తగ్గుదల 20 డిగ్రీలు దాటవచ్చు. అందువల్ల బయట 20, 25 డిగ్రీలు ఉన్నా, గాలిలో తేమ ఎక్కువగా ఉంటే లోపల మంచు పేరుకుని ఇంజిన్ ఊపిరి బిగుస్తుంది. శీతాకాలపు ఉదయం గోదావరి తీరంలో ఉండే వాతావరణం సరిగ్గా ఇలాంటిదే. దర్యాప్తు అధికారి వచ్చేసరికి ఆ మంచు కరిగిపోయి ఉంటుంది. ఇంజిన్‌ను విప్పి చూస్తే ఏ లోపమూ కనిపించదు. ఆనాటి ఉష్ణోగ్రత, తేమ లెక్కలు, కార్బ్యురేటర్‌కు వేడిగాలి పంపే మీట ఏ స్థితిలో ఉందన్నవే ఆధారాలు.*

లోహం ఏం చెబుతుంది?

రికార్డర్ లేని హెలికాప్టర్ కూలితే దర్యాప్తు మొత్తం శకలాల మీదే నడుస్తుంది. ఇంజిన్ నిజంగా ఆగిందా అన్నది మొదట తేల్చాల్సిన విషయం. శక్తితో తిరుగుతున్న రెక్క చెట్టును తాకితే కొమ్మలు నరికినట్టు తెగుతాయి, రెక్క అంచు పొడుగునా దెబ్బలు పడతాయి, ముక్కలు దూరంగా ఎగిరిపడతాయి, ఇంజిన్ నుంచి రోటర్‌కు వెళ్లే ఇరుసు మెలితిరిగి తెగుతుంది. శక్తి లేని రెక్క వంగుతుంది గానీ అంతగా చిట్లదు, ఇరుసు మీద మెలిక కనబడదు. టర్బైన్ ఇంజిన్ అయితే దాని లోపలి మంట గదిలో ఆకులూ మట్టీ కాలి అంటుకున్నాయా అని చూస్తారు. అంటుకుంటే నేలను తాకే క్షణానికి ఇంజిన్ గాలి పీలుస్తూ మండుతున్నట్టే. హెచ్చరిక దీపాల్లోని సన్నటి తీగ కూడా సాక్ష్యం చెబుతుంది. వెలుగుతూ వేడెక్కిన తీగ ఢీకొన్న అదురుకు సాగుతుంది, ఆరి ఉన్నది పుటుక్కున తెగుతుంది. ఏ హెచ్చరిక వెలిగిందో, ఏది వెలగలేదో అలా తెలుస్తుంది.

ఆగిందని తేలాక ఎందుకు ఆగిందన్న వెతుకులాట మొదలవుతుంది. ఇంజిన్లు ఊరికే ఆగడం అరుదు. ఇంధనం అయిపోవడం, ఉన్నా అందకపోవడం, అందినా అందులో నీరో మురికో కలవడం, వేరే రకం ఇంధనం పోయడం, గాలి దారి మూసుకుపోవడం ఎక్కువగా కనిపించే కారణాలు. మారుమూల తాత్కాలిక హెలిప్యాడ్‌కు ఇంధనం డ్రమ్ముల్లోనో ట్యాంకర్‌లోనో వస్తుంది. రాత్రి చల్లదనానికి డ్రమ్ము లోపల ఊరిన నీరు అడుగున చేరుతుంది. అందుకే నింపే ముందు కొంత ఇంధనం అడుగు నుంచి తీసి, నీటి జాడ ఉంటే రంగు మారే బిళ్లతో పరీక్షించాలి. ఇది ఐదు నిమిషాల పని. నాయకుడి కాన్వాయ్ అప్పటికే వచ్చేసి, అంతా తొందరపెడుతున్నప్పుడు వదిలేయాలనిపించే పని కూడా ఇదే.

బెల్ 206, 407ల్లో వాడే మోడల్ 250 రకం టర్బైన్ ఇంజిన్ల చరిత్రలో మరో పాఠం ఉంది. పాత రకాల్లో ఇంజిన్ గాలి ఒత్తిడిని ఇంధన నియంత్రణ పెట్టెకు చేరవేసే సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. దాని నట్టు వదులైతే ఆ పెట్టె ఒత్తిడి తగ్గిందనుకుని ఇంధనాన్ని కోసేస్తుంది. ఇంజిన్ ఆగిపోదు, పనికిరానంత నెమ్మదిస్తుంది. నట్టు బిగించాక దాని మీద, గొట్టం మీద కలిపి ఒక రంగు గీత గీస్తారు. గీత పక్కకు జరిగితే నట్టు కదిలినట్టు. అంత చిన్న గీతను శకలాల్లో వెతికి పట్టుకోవడమే దర్యాప్తు. ఎవరో ఆ గొట్టాన్ని పట్టుకుని లాగినా, శకలాలను క్రేన్‌తో లారీలోకి విసిరినా ఆ గీత చెప్పే నిజం పోతుంది. ఇంధనం నమూనా మరుసటి వానకు నీళ్ల పాలవుతుంది, తెగిన లోహం మీది మెరుపు వారం రోజుల్లో తుప్పు కింద కప్పబడుతుంది.

క్లైడ్ ఒడ్డున, ఈస్ట్ రివర్‌లో

రికార్డింగ్ ఉంటే దర్యాప్తు ఎంత దూరం వెళ్లగలదో, లేకుంటే ఎక్కడ ఆగిపోతుందో రెండు ప్రమాదాలు పక్కపక్కన పెడితే అర్థమవుతుంది. 2013 నవంబర్ 29 రాత్రి స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో పోలీసు హెలికాప్టర్ ఒకటి క్లైడ్ నది ఒడ్డునున్న ‘క్లూతా’ అనే పబ్ పైకప్పు మీద పడింది. హెలికాప్టర్లో ముగ్గురు, పబ్‌లో ఏడుగురు చనిపోయారు. అది రెండింజిన్ల ఈసీ135. ఒక ఇంజిన్ ఆగిన 32 సెకన్లకు రెండోది ఆగింది. బ్రిటన్ దర్యాప్తు సంస్థ ట్యాంకులు తెరిచి చూస్తే ప్రధాన ట్యాంకులో 76 కిలోల ఇంధనం అలాగే ఉంది. అక్కడి నుంచి ఇంజిన్లకు నేరుగా ఇంధనం ఇచ్చే చిన్న ట్యాంకులను నింపాల్సిన రెండు పంపుల స్విచ్చులూ ఆఫ్‌లో ఉన్నాయి. ఇంధనం తక్కువైందన్న హెచ్చరికలు వచ్చాయని, వాటిని గుర్తించినట్టు మీట నొక్కారని పరికరాల మెమరీలో మిగిలిన సమాచారం నుంచి రాబట్టారు. కానీ ఆ స్విచ్చులు ఎందుకు ఆఫ్‌లో ఉన్నాయి, హెచ్చరికలు వచ్చినా ఎందుకు దిగలేదు అన్నదానికి 2015 అక్టోబర్‌లో వచ్చిన తుది నివేదిక జవాబు చెప్పలేకపోయింది. ఆ హెలికాప్టర్లో మాటలు గానీ దృశ్యం గానీ నమోదు చేసే రికార్డర్ లేదు, నిబంధన అడగలేదు. పదిమంది కుటుంబాలకు ‘ఏం జరిగింది’ దొరికింది గానీ ‘ఎందుకు’ దొరకలేదు. 2019లో జరిగిన న్యాయ విచారణ బాధ్యతను పైలట్ మీద మోపింది. చనిపోయిన మనిషి తన మాట చెప్పుకోలేడు.

2018 మార్చి 11న న్యూయార్క్ మీద తలుపులు తీసేసి తిప్పే విహారయాత్ర హెలికాప్టర్‌కు ఈస్ట్ రివర్ మీదుగా వెళ్తుండగా ఇంజిన్ శక్తి పోయింది. అది ఒకే ఇంజిన్ ఉన్న ఏఎస్350. పైలట్ ఆటోరొటేషన్ చేసి నీళ్ల మీద దించాడు. తేలియాడే బెలూన్లు సరిగా ఉబ్బక అది తిరగబడింది. బెల్టులకు కట్టి ఉన్న ఐదుగురు ప్రయాణికులు మునిగిపోయారు, పైలట్ ఒక్కడే బతికాడు. ఇంజిన్ విప్పితే ఏ లోపమూ కనిపించలేదు. అక్కడితో ఆగితే బతికి ఉన్న పైలట్ మీదే వేలు పడేది. అయితే ప్రయాణికుల జ్ఞాపకం కోసం లోపల బిగించిన చిన్న కెమెరా ఒకటి ఉంది. ముందు సీటులోని ప్రయాణికుడు ఫొటో కోసం వెనక్కి వాలినప్పుడు, కిందపడకుండా అతనికి కట్టిన తాడు చివర నేల మీదున్న ఇంధనం ఆపే లివర్‌కు తగులుకుని దాన్ని ఎత్తేసింది. దర్యాప్తుకు ఆ దృశ్యం కళ్లెదుట దొరికింది. దోషం ఇంజిన్‌దీ కాదు, పైలట్ చేతులదీ కాదు. ప్రయాణికుడు తనంత తాను విప్పుకోలేని తాళ్లతో కట్టి, తలుపుల్లేకుండా తిప్పే వ్యాపార పద్ధతిది. సరిచేయాల్సిన చోటు అంత స్పష్టంగా తెలిసింది.

గ్లాస్గోలో దర్యాప్తు సంస్థకు ఓపిక తక్కువై కాదు, నైపుణ్యం తక్కువై కాదు జవాబు దొరకనిది. న్యూయార్క్‌లో దొరకడానికి కారణం ఒక చిన్న కెమెరా, అదీ దర్యాప్తు కోసం కాక సరదా కోసం పెట్టింది. పదుల ప్రాణాలకు సంబంధించిన నిజం అలాంటి యాదృచ్ఛికం మీద ఆధారపడటం న్యాయం కాదు.

▣ దర్యాప్తు ఎవరిది?
*మన దేశంలో 2012లో ఏర్పడిన ఏఏఐబీ, పౌర విమానయాన శాఖ పరిధిలోని విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ. అంతకుముందు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లేదా కేంద్రం నియమించే కమిటీలు చూసేవి. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ప్రాథమిక నివేదిక 30 రోజుల్లో, వీలైతే తుది నివేదిక 12 నెలల్లో రావాలి. యంత్రం తయారైన దేశానికి తన ప్రతినిధిని పంపే హక్కు ఉంది. దర్యాప్తు ఏకైక లక్ష్యం మరో ప్రమాదాన్ని నివారించడమే. నేరం ఎవరిదో తేల్చడం దాని పని కాదు.*

మన అడవిలో పడితే

2008 ఆగస్టు 3న, ఒక ఆదివారం, హైదరాబాద్ నుంచి ఛత్తీస్‌గఢ్‌కు బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్ అప్పటి ఖమ్మం జిల్లా వెంకటాపురం అడవుల మీదుగా వెళ్తూ కనిపించకుండా పోయింది. అందులో నలుగురు. వానాకాలం, దట్టమైన అడవి, అప్పట్లో ఆ సరిహద్దు అంతటా ఉన్న ఘర్షణ వాతావరణం. రోజుల తరబడి వెతికినా జాడ లేదు. శకలాలు దొరికింది నవంబర్‌లో, సరిహద్దు అవతల బీజాపూర్ అడవిలో. మూడు నెలలకు పైగా ఆ నలుగురి ఇళ్లలో ఏ కబురుకు ఏమని స్పందించాలో తెలియని స్థితి. దర్యాప్తు వైపు నుంచి చూసినా ఆ మూడు నెలలు తిరిగిరానివి. వర్షాకాలం అంతా తడిసిన యంత్రంలో ఇంధన నమూనా అనేది మిగలదు.

మరుసటి ఏడాది సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 ఉదయం 8.38కి బేగంపేటలో లేచి నల్లమలలో మాయమైంది. సుఖోయ్ విమానాలు సహా దేశం చేతిలో ఉన్నవన్నీ వెతికినా, పావురాలగుట్ట మీద శకలాలు కనిపించేసరికి మరుసటి ఉదయమైంది. ఐదుగురూ చనిపోయారు. కుట్ర అన్నారు, ఇంజిన్ అన్నారు. ఆర్.కె.త్యాగి నేతృత్వంలోని దర్యాప్తు కమిటీ వేరే సంగతి చెప్పగలిగింది. గేర్‌బాక్స్ నూనె ఒత్తిడి హెచ్చరిక గురించి పైలట్లు ఆఖరి నిమిషాల్లో పుస్తకం తిరగేస్తూ ఉండటం, ఆ మధ్యలో యంత్రం తీవ్రమైన వాతావరణంలోకి వెళ్లడం, కిందికి తోసే బలమైన గాలిలో అదుపు తప్పడం అనే వరస వెలుగులోకి వచ్చింది. అది తెలియడానికి కారణం కాక్‌పిట్‌లో మాటలు నమోదు చేసే రికార్డర్ ఉండటం. ఆ ఒక్క పెట్టె లేకుంటే పావురాలగుట్ట చుట్టూ ఈ రోజుకీ పుకార్లే మిగిలేవి. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి.బాలయోగి ప్రాణాలు తీసిన కైకలూరు ప్రమాదంలోనిది చిన్నపాటి బెల్ 206. అది దిగింది చేపల చెరువులో. పెద్దది, చిన్నది అన్న తేడా లోపల కూర్చున్నవారి ప్రాణానికి లేదని తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనవసరం లేదు.

అడవిలో ప్రమాదం జరిగితే మొదట చేరేది దర్యాప్తు అధికారి కాదు. పశువులు కాసేవాడో, పోడు చేను దగ్గరున్న కోయ కుటుంబమో చేరుతుంది. దర్యాప్తుకు వాళ్ల మాట ఎంతో విలువైంది. హెలికాప్టర్ చప్పుడు ఎలా మారింది, హోరు తగ్గి రెక్కల టపటప మాత్రమే వినిపించిందా, పొగ ముందు వచ్చిందా పడ్డాక వచ్చిందా, ఎటు తిరుగుతూ పడింది అన్నవి ఏ పరికరమూ లేనప్పుడు మనుషుల చెవులూ కళ్లే చెప్పాలి. ఎవరైనా ఫోన్‌లో తీసిన పది సెకన్ల వీడియో దొరికితే, అందులోని శబ్దాన్ని విశ్లేషించి రోటర్ ఎంత వేగంతో తిరుగుతోందో లెక్కకట్టే పద్ధతి ఉంది. అయితే ఈ ప్రాంతంలో పోలీసులు అడిగే ప్రశ్న అంటేనే వెనక్కి తగ్గడం దశాబ్దాల అనుభవం నేర్పిన జాగ్రత్త. సాక్షిని స్టేషన్‌కు పిలిపిస్తే ఆ సాక్ష్యం రాదు. వాళ్ల ఊళ్లోనే, వాళ్ల భాష తెలిసినవారిని వెంటబెట్టుకుని, ఆ రోజే అడగాలి. విన్నది విన్నట్టుగా చెప్పే మాట వారం తర్వాత టీవీలో చూసిన కథతో కలిసిపోతుంది.

శకలాలను అధికారుల అనుమతి లేకుండా కదపకూడదని విమాన ప్రమాద దర్యాప్తు నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. ప్రాణాలు కాపాడటానికి, మంటలు ఆర్పడానికి అయితే కదపవచ్చు. ఈ సంగతి మండల పోలీసు స్టేషన్‌కు, అటవీ రేంజ్ కార్యాలయానికి, పంచాయతీకి ముందే తెలిసి ఉండాలి. బతికున్నవాళ్లను బయటికి తీయడానికి ఏ రేకునైనా కోయండి, అందులో రెండో మాట లేదు. కోసే ముందు వీలైతే ఒక ఫొటో తీయండి. స్విచ్చులు, మీటలు ముట్టుకోకండి. ఇంధనం కారుతుంటే శుభ్రమైన సీసాలో పట్టి మూత బిగించండి, నిప్పు దగ్గరికి రానీయకండి. ఈ నాలుగు మాటలు తెలిసిన ఒక హెడ్ కానిస్టేబుల్ చేసే మేలును తర్వాత ఢిల్లీ ప్రయోగశాల ఏదీ చేయలేదు.

రెండింజిన్లు ఉంటే చాలదా?

ముఖ్యులు ఎక్కేవాటికి రెండింజిన్లు ఉండాలి, అంతకంటే ఏం కావాలన్న వాదన తరచుగా వినిపిస్తుంది. ఒక ఇంజిన్ విడిగా చెడితే రెండోది నిజంగానే కాపాడుతుంది. అడవుల మీద, నదుల మీద ఎగిరేవాటికి అది ఉండాల్సిందే. కానీ గ్లాస్గోలో ఆగినవి రెండు ఇంజిన్లూ, ఎందుకంటే వాటికి అందాల్సిన ఇంధనం ఒకే చోట నిలిచిపోయింది. వెంకటాపురం అడవుల మీద తప్పిపోయింది, నల్లమలలో కూలింది రెండింజిన్లవే. రెండో ఇంజిన్ ఒక రకం ప్రమాదాన్ని తగ్గిస్తుంది. మిగతా రకాల ప్రమాదాలు ఎలా వస్తున్నాయో తెలుసుకునే అవసరాన్ని తగ్గించదు.

ఎక్కువ ప్రమాదాలకు కారణం వాతావరణమూ, పైలట్ నిర్ణయాలూ కదా, ఇంజిన్ గురించి ఇంత చర్చ దేనికని మరికొందరు అడుగుతారు. వారు చెప్పేది నిజమే. కొండల్లో, మబ్బుల్లో కూలినవాటిలో ఇంజిన్ చివరి క్షణం దాకా బాగానే తిరిగిన సందర్భాలు చాలా ఉన్నాయి. 2020 జనవరి 26న బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు కోబీ బ్రయంట్ సహా తొమ్మిది మంది చనిపోయిన హెలికాప్టర్లోనూ ఇంజిన్లు బాగానే ఉన్నట్టు తేలింది. మేఘంలో పైలట్‌కు పైకీ కిందికీ తేడా తెలియకపోవడం కారణమని దర్యాప్తు చెప్పింది. ఆ హెలికాప్టర్లోనూ రికార్డర్ లేదు. ఇంజిన్ దోషం కాదని చెప్పడానికి కూడా ఇంజిన్లను పరీక్షించాల్సి వచ్చింది. పైలట్ తప్పు అని రాయాలంటే యంత్రం తప్పు లేదని ముందు రుజువు కావాలి. ఆ రుజువు లేకుండా రాసే ‘పైలట్ తప్పు’ చనిపోయిన మనిషికి చేసే అన్యాయం, అదే యంత్రాన్ని మళ్లీ ఎక్కేవారికి చేసే ద్రోహం.

బరువు, ఖర్చు అనే అభ్యంతరం ఒకప్పుడు గట్టిదే. ఫ్లైట్ డేటా రికార్డర్ విషయంలో అంతర్జాతీయ ప్రమాణం 3,175 కిలోల దగ్గర గీత గీసింది, ఎందుకంటే నాటి రికార్డర్లు బరువైనవి, ఖరీదైనవి. రాబిన్సన్ ఆర్44 గరిష్ఠ బరువు 1,134 కిలోలు, బెల్ 407ది దాదాపు 2,300 కిలోలు. ఆ గీత కింద మిగిలిపోయేవి సరిగ్గా యాత్రలకు, అద్దెకు, ప్రచారానికి ఎక్కువగా తిరిగేవే. కానీ పరికరం మారింది. కాక్‌పిట్ దృశ్యం, శబ్దం, జీపీఎస్, కదలికలు అన్నీ నమోదు చేసే పెట్టె ఇప్పుడు కొన్ని వందల గ్రాములే. ఎయిర్‌బస్ తన ఏఎస్350 కొత్త రకాల్లో అలాంటిది ఫ్యాక్టరీలోనే బిగించడం మొదలుపెట్టి దశాబ్దం దాటింది. రాబిన్సన్ కూడా కాక్‌పిట్ కెమెరా ఇస్తోంది. యంత్రం తయారుచేసేవాళ్లే పెట్టుకుంటున్నప్పుడు నియమం పాత గీత దగ్గర ఆగిపోవడానికి కారణం కనిపించదు.

పైలట్లు చెప్పే అభ్యంతరం వీటన్నిటికంటే బలమైంది. తల మీద ఎప్పుడూ కెమెరా ఉంటే, ఆ దృశ్యం టీవీకో యజమానికో పోలీసు కేసుకో చేరితే ఏం చేయాలి? ఈ భయం ఊహ కాదు. అంతర్జాతీయ నియమం కాక్‌పిట్ రికార్డింగులను నివారణ కోసమే వాడాలని చెబుతున్నా, లీకులు ఆగిన దాఖలా లేదు. 2025 జూన్ 12 అహ్మదాబాద్ విమాన ప్రమాదం తర్వాత ప్రాథమిక నివేదికలో ఇంధన స్విచ్చుల గురించి వచ్చిన రెండు వాక్యాల చుట్టూ, దర్యాప్తు ముగియకముందే చనిపోయిన పైలట్లను దోషులుగా నిలబెట్టిన తీరు అందరూ చూశారు. అందుకని రికార్డర్ వద్దనడం కన్నా, దాన్ని బయటపెట్టినవారికి శిక్ష పడేలా చట్టం గట్టిగా ఉండాలని అడగడం సబబు. న్యూయార్క్ పైలట్‌ను ఇంజిన్ కాపాడలేదు, సహచరులు కాపాడలేదు. కెమెరానే కాపాడింది.

అద్దెకు తీసుకునేవాడి చేతిలో

ఇదంతా ఢిల్లీ చేయాల్సింది, రాష్ట్రం ఏం చేయగలదని అనుకోనవసరం లేదు. హెలికాప్టర్లు ఎక్కువగా అద్దెకు తీసుకునేవి ప్రభుత్వాలూ, పార్టీలూ, జాతరలకు రైడ్లు నడిపించే పర్యాటక శాఖలూ. అద్దె ఒప్పందంలో షరతులు పెట్టే హక్కు డబ్బు కట్టేవారిది. బరువుతో సంబంధం లేకుండా కాక్‌పిట్ రికార్డర్ ఉన్న యంత్రమే కావాలని, ప్రతి హెలిప్యాడ్‌లో ఇంధనాన్ని పరీక్షించి సంతకం పెట్టిన కాగితం ఉండాలని, ప్రయాణం వద్దని పైలట్ చెప్తే ఆ నిర్ణయాన్ని ఎవరూ ప్రశ్నించకూడదని రాష్ట్రం రేపే రాసుకోవచ్చు. దానికి పార్లమెంటు చట్టం అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిసి అడిగితే ఈ మార్కెట్‌లో ఆ షరతును కాదనే సంస్థ ఉండదు.

నివేదికల సంగతి కూడా రాష్ట్రమే చూడొచ్చు. ఏఏఐబీ నివేదికలు వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్‌లో ఉంటాయి, డజన్ల పేజీల సాంకేతిక భాషలో. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న కుటుంబానికి, పడుతుండగా చూసి సాక్ష్యం చెప్పిన గూడేనికి, శకలాల దగ్గర రాత్రంతా కాపలా ఉన్న కానిస్టేబుల్‌కు ఆఖరికి ఏం తేలిందో ఎవరూ వచ్చి చెప్పరు. తెలుగు రాష్ట్రాల్లో జరిగిన, తెలుగువాళ్లు చనిపోయిన ప్రతి ప్రమాదం తుది నివేదికనూ నాలుగైదు పేజీల తెలుగులో రాయించి, ఆ మండల కార్యాలయంలోనూ ఆ కుటుంబం చేతిలోనూ పెట్టే పని జిల్లా యంత్రాంగం చేయదగినది. రోడ్డు ప్రమాదం పంచనామా అయినా ఇంటివాళ్లకు చదివి వినిపిస్తారు. పెద్దవాగులో హెలికాప్టర్ ఎక్కి బతికిన కూలీలకు, రేపు మళ్లీ వరదొస్తే ఎక్కబోయేవాళ్లకు, తాము ఎక్కే యంత్రం గురించి తెలుసుకునే హక్కు ముఖ్యమంత్రికి ఉన్నంత ఉంది.